చౌడక్క అరవని రోజు

హిందూపురం, 1998. కొత్తగా తెరిచిన పళ్ళ ఆసుపత్రి. కుర్చీలో గొర్రెలు కాసే చౌడక్క, పక్కన డాక్టర్ మేరీ.

“ఉమ్మెయ్ చౌడక్కా. ముందు ఆ నోట్లో ఉండేది ఉమ్మెయ్.”

“ఉమ్మితి. చెనిక్కాయ నూనె తల్లీ. గానుగది.”

“నూనె ఎందుకు పోసుకోనొస్తివి?”

“నువ్వే అంటివి గదమ్మా! నరానికి నూనె పొర ఉంటాది, సూదిమందు ఆ నూనెలోకి దిగితేనే నొప్పి తెలీదు అని. నా ఒంట్లో నూనె చాల్లేదేమో, అందుకే పోయిన వారం మందు పట్టలేదేమో అని, బస్సు దిగినంక ఇంత పోసుకోనొస్తి. తెలివి జాస్తి నాకి.”

“అయ్యో, ఆ నూనె కాదక్కా! పాల మీద మీగడ చూస్తావు గదా? నరం చుట్టూ అట్లాంటి కొవ్వు పొర ఉంటాది, కంటికి కనపడనంత పల్చగా. మందు దాంట్లోకి దూరితే, గడ్డ నెయ్యి ఎండకి మెత్తబడినట్ల సడలిపోతాది. దాంట్లో ఉండే తలుపులు తెరుచుకోవు. నొప్పి కబురు తలకాయకి పోదు.”

“పోయిన వారం బాగనే పాయ కబురు. తలకాయకే గాదు, బస్టాండు దాకా పాయ.”

“నవ్వొద్దు. ఆ పొద్దు నీ చిగురు నిండా చీముండె. చీము పులుపు. ఆ పులుపులో మందు కొవ్వులోకి దిగలేదు, బయటే నిలబడిపోతాది. అందుకే గదా చీము తగ్గేదానికి మాత్రలిచ్చి పంపిస్తి. మింగితివా?”

“అయిపాయ తల్లీ అన్నీ. ఒగటి గూడా మిగల్లేదు.”

“బుగ్గ ఇంకా వాచినట్లుండాదే?”

“వాపు కాదు, నా మొగమే అంత. మా ఆయప్ప బతికినన్నాళ్ళూ గుమ్మడికాయ అనే పిలిచె. సరే గానీ, బయట ఎంతమంది కూచున్నారో చూస్తివా?”

“చూస్తి. నువ్వు అరిచినంక ఇంతమంది రావడం ఇదే మొదలు. నీ కేకకి లేచిపోయినోళ్ళు మళ్ళీ ఈ గడప తొక్కలేదు. మూసేసి పెనుకొండకి పోతావా అని నిన్న ఈ ఇల్లు బాడుగకిచ్చినాయన గూడా అడిగె.”

“వాళ్ళంతా మా ఊరోళ్ళే. చౌడక్కే అరిచిందంటే ఆయమ్మ డాక్టరు కాదు, కసాయి అంటాండారు. బిడ్డల్ని కనేటప్పుడు కిక్కురుమనని దాన్ని, ఒగ పన్నుకి ఊరు లేపితి. నా నోటికి తాళం లేకపాయ. రాండి, తలుపుకి చెవి పెట్టి ఇనండి, ఈ పొద్దు అరిస్తే చౌడక్క అని పిలవద్దండి అని పిల్చుకోనొస్తి.”

“అరవకుండేది నీ చేతుల్లో లేదక్కా, మందు చేతుల్లో ఉండాది. నోరు తెరువు. ఇంకా పెద్దగా... ఆ, సూది అయిపాయ. కొంచేపు ఉందాం.”

“ఉందాం. గొర్రెలు గూడా లేవు ఈడ, నాకేం తొందర?”

“ఇప్పుడు గుచ్చి చూస్తా. నొప్పి ఉండాదా?”

“యాడ గుచ్చితివి? నన్నేనా, గోడనా?”

“పెదవి మొద్దుబారిందా?”

“దున్నపోతు తోలు మాదిరి ఉండాది. పీకు.”

“నిజంగా?”

“పీకమంటి గదా!”

“సరే, పట్టుకుంటాండా. చౌడక్కా, చెయ్యి వదులు! నా మణికట్టు విరుగుతాది.”

“ఊఁ.”

“కుర్చీ పట్టుకో. ఇంకొంచెం... కండ్లల్లో ఆ నీళ్ళేంది? ఆపేదా?”

“ఊఁ హూఁ!”

“వచ్చేసింది! ఇదో నీ పన్ను. ఈ దూది కరిచిపెట్టుకో. ఒక్క కేక లేదు చూడు! కండ్లు తుడుచుకోక్కా, ఎందుకా నీళ్ళు?”

“వయసైపాయ తల్లీ, కండ్లు కారతాంటాయి. ముందు తలుపు తీసి తరువాతోళ్ళని పిలువు, లేచిపోతారు.”

“పిలుస్తాలే. ఇంకొన్ని అవే మాత్రలు రాసిస్తాండా, మింగు. అవి చీము లాగేసినాయి కాబట్టే ఈ పొద్దు మందు దిగింది.”

“మెల్లగ మాట్లాడు, బయట ఇనపడతాది. పోయిన వారం మాత్రలన్నీ మా గొర్రెకి ఏస్తి, దానికి గూడా నోరు వాచింటే.”