కామా నోరు తెరిచిన రోజు

ఈశ్వరరావుకి సింగపూర్‌లో అయినవాళ్లు లేరు. అందుకే, అతనికి చూస్తున్న అమ్మాయి నిఖిల వాళ్ల బాబాయి రాజారావుగారు "ఒకసారి ఎక్కడైనా కూర్చుని టీ తాగుదాం, దానికి పెళ్లిచూపులని పేరు పెట్టొద్దు" అనగానే స్నేహితుడు ఇమాద్ తన ఇల్లు ఇచ్చాడు. సెంబవాంగ్‌లో పెళ్లయ్యాక తీసుకున్న అద్దె ఫ్లాట్ అది. అంతకుముందు ఇమాద్, ఈశ్వరరావు తంజోంగ్ పగార్‌లో ఒకే గదిలో ఉండేవాళ్లు. ఒకే విమానంలో దిగారు, సైన్స్ పార్క్‌లో ఒకే కంపెనీలో పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని నాలుగంకెలు చేసే పని చేశారు. రెండు వేల సంవత్సరం వచ్చేసింది, లోకం ఆగిపోలేదు, ఇద్దరి ఉద్యోగాలూ నిలబడ్డాయి.

ఈశ్వరరావు మంచివాడని ఇమాద్ ఎవరి ముందైనా చెప్పగలడు. తనకి జ్వరం వస్తే పక్కన కూర్చుని గంజి కాచిపెట్టినవాడు. ఉన్న చిక్కల్లా ఆ నోటితోనే. పోయిన ఏడాది కుదరబోయిన సంబంధం, సముద్రం అవతలున్న బతాం దీవికి ఈదుకుంటూ వెళ్లి కొబ్బరిబోండం తాగి వచ్చానని పిల్ల తండ్రితో చెప్పినందుకే తప్పిపోయింది. అందుకే ఆ ఆదివారం సాయంత్రం ఇమాద్ టీపాయ్‌కి ఇటుపక్క కూర్చుని, మాట ఉద్యోగాల మీదే నడిచేలా చూస్తున్నాడు. కాసేపు బాగానే నడిచింది కూడా.

ఇంతలో ట్యూబ్‌లైటు వెనకనుంచి ఒక బల్లి బయటికొచ్చింది. నిఖిల తలెత్తి చూసింది. ఆమె బ్యాంకులో పనిచేస్తుంది, కాకినాడ మనిషి, మాట తక్కువ.

"ఇక్కడ బల్లులు ఎక్కువే" అంది.

ఈశ్వరరావు కుర్చీలో ముందుకి జరిగాడు.

"మీరు ఎప్పుడైనా పాముపిల్లకి అన్నం తినిపించారా, అంకుల్?" అన్నాడు ఈశ్వరరావు, రాజారావుగారి వైపు తిరిగి.

"నేనా? లేదే."

"పెద్ద విషయమేం కాదులెండి. ఏదో నాకు చేతనైంది నేను చేశాను. మేం తంజోంగ్ పగార్‌లో ఉన్నప్పుడు మా వాడు మెట్ల దగ్గర ఒక పాముపిల్లని పట్టుకొచ్చి చెప్పుల డబ్బాలో పెట్టాడు. జానెడు కూడా లేదు. చుట్టుకుని పడుకుంటే అచ్చం కామా గుర్తులా ఉండేది. ప్రోగ్రాములు రాసేవాళ్లం కదా, కామా అనే పిలిచాం. అడగండి వాణ్ణి."

నిఖిల ఇమాద్ వైపు చూసింది. "విషం ఉండదా?"

"ఉండదండీ, బల్లుల్ని తినే రకం" అన్నాడు ఇమాద్. "ఇక్కడ ఇండ్లల్ల పాముల్ని పెట్టుకోవద్దు, నాకు ఎరికే. వానకి తడిసి నీరసంగ ఉండె. జర బలం వచ్చినంక వదిలేద్దామని ఉంచిన."

"బలం ఎక్కడ, అది తింటే కదా" అని ఈశ్వరరావు అందుకున్నాడు. "బల్లిపిల్లని ముందు పెడితే తల తిప్పేసుకునేది. అత్తారింటికొచ్చిన కొత్తల్లుడి కన్నా బెట్టు. వీడేమో దిగులుపడి తిండి మానేశాడు. ఇద్దరూ పస్తే. అప్పుడు నేనేం చేశానో తెలుసా? సెలవు పెట్టి దాని ముందు కూర్చుని మాట్లాడటం మొదలెట్టాను. పొద్దున కాఫీ దగ్గర మొదలెడితే దీపాలు పెట్టేదాకా. మా తెనాలి కాలవ, మా మేనమామ కొండయ్య గేదె, మా మేనేజరు మొహం, అన్నీ చెప్పాను. పాములకి చెవులుండవంటారు, అదంతా ఉత్తిదే. కొండయ్య మామ గేదె తప్పిపోయిందని చెప్పినప్పుడు అది బాధపడింది, నేను కళ్లారా చూశాను."

"పాము బాధపడిందా?" అన్నారు రాజారావుగారు మర్యాదగా.

"కళ్లు వాల్చేసిందండీ."

"పాములకి రెప్పలు ఉండవనుకుంటా" అంది నిఖిల, మెల్లిగా.

"అందుకే ఆశ్చర్యపోయాను" అన్నాడు ఈశ్వరరావు, ఏమాత్రం తడబడకుండా.

ఇమాద్ భార్య ఆనమ్ వేడివేడి ఉల్లి సమోసాలు తెచ్చి అందరికీ పళ్లేలు ఇచ్చింది. "చల్లగైతయి, తినుండ్రి" అంది. రాజారావుగారు ఒకటి తీసుకున్నారు. ఈశ్వరరావు పళ్లెం ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ గాల్లోకి లేపాడు.

"మాటలతో లొంగలేదు. సరే, దాని దారిలోనే వెళ్దామని బల్లి కూత నేర్చుకున్నాను. టిక్ టిక్ అని అందరూ అంటారు, అందులో ఏముంది? బల్లి కూతలో ఆకలి కూత వేరు, గొడవ కూత వేరు, పిల్లల్ని పిలిచే కూత వేరు. సాయంత్రానికి నాకు మూడూ వచ్చేశాయి. గోడ మీదున్న బల్లులు ఒక్కొక్కటే దిగొచ్చి నా చుట్టూ కూర్చున్నాయి. ఒక ముసలి బల్లి తన కొడుకు మాట వినడం లేదని చెప్పుకుని ఏడ్చింది. ఓదార్చి పంపాను. ఆ తర్వాత ఏమైందంటారు? అప్పటికీ కామా కదల్లేదు. ఇక లాభం లేదని చొక్కా విప్పి గోడ ఎక్కాను."

"నిచ్చెన వేసుకునా?"

"నిచ్చెనెందుకు అంకుల్, అరిచేతులు అంటుకున్నాయి. సీలింగు మీద బోర్లా పాకాను. ఫ్యాను దాటేటప్పుడు మాత్రం కొంచెం జాగ్రత్తపడాల్సి వచ్చింది. అప్పుడండీ, కామా తల ఎత్తింది. ఇంత లావు బల్లిని అది ఎప్పుడూ చూడలేదు కదా. నోరు తెరిచింది. తెరవగానే నేను పైనుంచే ఒక బల్లిపిల్లని విసిరాను, గుటుక్కుమంది."

రాజారావుగారు సమోసా పక్కన పెట్టేసి గోడ గడియారం కేసి చూశారు. ఇమాద్ ఆ చూపు చూశాడు. ఇక్కడితో ఆపరా భాయ్ అని కాలితో టీపాయ్ కిందనుంచి తట్టాడు. ఈశ్వరరావు కాలు వెనక్కి తీసుకుని ఊపందుకున్నాడు.

"అక్కడితో అయిపోయిందనుకుంటున్నారు కదూ? అసలు కథ అక్కణ్ణుంచే. ఆకలి తెరుచుకుంది. మా ఫ్లాట్లో బల్లులు అయిపోయాయి, మా అంతస్తులో అయిపోయాయి, బ్లాకు మొత్తం అయిపోయాయి, ఆపైన ఎలకలు కూడా. ఎలకల మందు కొట్టేవాళ్లు వచ్చి, పని లేక మా మెట్ల మీద పేకాడుకునేవాళ్లు. నిద్రలేచి చూస్తే కామా మంచానికి చుట్టుకుని ఉండేది, స్నానం చేసి వచ్చేసరికి బీరువాకి కూడా చుట్టుకునేది. ఇలా పెరుగుతుండగా ఒకరోజు ఓడరేవులో పెద్ద గాలివాన. కంటైనర్ల ఓడ తాళ్లు తెగి సముద్రంలోకి కొట్టుకుపోతోంది. అందరూ కేకలు. నేను కామాని భుజాన వేసుకుని పరిగెత్తాను. తోక ఇటు స్తంభానికి, తల అటు ఓడకి. ఒక్క బిగువు బిగించింది, ఓడ ఆవుదూడలా వచ్చి గట్టు పక్కన నిలబడింది. కెప్టెన్ దిగొచ్చి టోపీ తీశాడు. నాక్కాదు, కామాకి. పేపర్లో వేస్తామన్నారు, నేనే వద్దన్నాను. పాముని పెంచకూడదు కదా, ఎందుకొచ్చిన తంటా అని."

చెప్పి వెనక్కి వాలాడు. ఆనమ్ టీ కప్పులు సర్దుతూ భర్త మొహం చూసింది. బతాం కొబ్బరిబోండం పక్కన ఈ ఓడ కూడా చేరిందని ఇమాద్‌కి అర్థమైపోయింది.

నిఖిల అడిగింది. "అది మొదటిసారి తిన్నప్పుడు మీరు నిజంగా ఆ గదిలో ఉన్నారా?"

"సీలింగు మీద" అన్నాడు ఈశ్వరరావు. కానీ ఆమె అప్పటికే ఇమాద్ వైపు తిరిగింది.

అవునంటే స్నేహితుడి పరువు ఈ పూటకి దక్కుతుంది. కానీ ఆమె అడిగిన తీరు చూస్తే, ఇద్దరూ కలిసి తనని వెర్రిదాన్ని చేశారని రేపైనా తెలుసుకునే మనిషిలా ఉంది.

"లేడండి" అన్నాడు. "మూడు దినాలు దాని ముంగట కూర్చుని మాట్లాడిండు, అది మాత్రం నిజం. నాలుగో దినం మేనేజరు ఫోన్ చేసి రమ్మంటే ఆఫీసుకి పోయిండు. నాకు నైట్ డ్యూటీ, ఇంట్లనే ఉన్న. డబ్బా మీద తువ్వాల కప్పి నా పని నేను చూసుకున్న. ఇల్లంత సప్పుడు లేదు. మధ్యాహ్నం తీసి చూస్తే బల్లిపిల్ల లేదు, కామా కడుపు జర ఉబ్బింది. గంతే."

ఈశ్వరరావు నవ్వబోయి ఆగిపోయాడు.

"దానికి ఆకలి లేక కాదండీ" అంది నిఖిల ఈశ్వరరావుతో. ఆమె గొంతులో ఎగతాళి లేదు, లెక్క తేలిందని చెప్పినట్టు చెప్పింది. "మీరు ముగిస్తారేమోనని ఆగింది. పెద్దమనిషి మాట్లాడుతుంటే తినడం మర్యాద కాదనుకుంది. నేనూ అందుకే ఆగాను."

అందరూ ఆమె పళ్లెం వైపు చూశారు. అందులో సమోసా పెట్టింది పెట్టినట్టే ఉంది.

ముందు నవ్వింది రాజారావుగారు. పొట్ట పట్టుకుని నవ్వి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆనమ్ వంటింట్లోకి తప్పుకుంది. ఈశ్వరరావు చెవులు ఎర్రబడ్డాయి. జవాబుకి నోరు తెరిచి, నిఖిల సమోసా తుంచడం చూసి, మూసుకున్నాడు. ఆమె తీరిగ్గా తింది. రెండోది కూడా తీసుకుంది. అంతసేపు ఈశ్వరరావు మాట్లాడకుండా ఉండటం ఇమాద్ ఎన్నడూ చూడలేదు.

చెయ్యి తుడుచుకుని ఆమె అడిగింది. "తర్వాత కామా ఏమైంది? ఓడ సంగతి వద్దు."

ఈశ్వరరావు కొంచెం ఆలోచించాడు. "రోజూ తినడం మొదలెట్టింది. బలం వచ్చాక బ్లాకు వెనక చెట్లలో వదిలేశాం. ఒక్కసారి కూడా ఆగకుండా వెళ్లిపోయింది." ఒళ్లో పళ్లెం తీసి టీపాయ్ మీద పెట్టాడు. "ఆ చెప్పుల డబ్బా పారేస్తానని వీడితో చెప్పాను. పారేయలేదు. మంచం కింద ఉంది ఇప్పటికీ."

నిఖిల మళ్లీ ఇమాద్ వైపు చూసింది, నిజమేనా అన్నట్టు.

"నాకు తెల్వదు" అన్నాడు ఇమాద్. "నాకు గూడ ఇప్పుడే చెప్తుండు."

ఆమె తల పంకించి, మిగిలిన సమోసాల పళ్లేన్ని ఈశ్వరరావు వైపు జరిపింది.

"తినండి" అంది. "కావాలంటే అటు తిరిగి కూర్చుంటాను."