రాయని సోషల్ పేపరు

అమలాపురం దగ్గర ఒక హైస్కూల్లో, పదో తరగతి ప్రీఫైనల్ పేపర్లు దిద్దుతున్న సోషల్ టీచరు తెల్లకాగితం ఇచ్చిన పిల్లని పిలిపించింది.

"క్లాసులో ఫస్టొచ్చేదానివి, ఒక్క ముక్కయినా రాయలేదేమ్మా?"

"పబ్లిక్‌లో కూడా రాయనండి. టెన్త్ పాసైతే పెళ్లి చేసేస్తారంటండి. తప్పితే, పాసయ్యేదాకా ఆగుతారండి."

"మరి సోషలే ఎందుకు?"

"లెక్కలు తప్పితే మళ్లీ పాసవ్వలేనండి. సోషలైతే ఎప్పుడు రాసినా వచ్చేస్తదండి."

"మీ నాన్నగారితో నేను మాట్లాడతాను."

"వద్దండీ! రేపట్నించి బడే మాన్పించేస్తారండి."

బాల్యవివాహం నేరమని పాఠం చెప్పింది తనే. టీచరు ఫోను తీసి పిల్లల హెల్ప్‌లైన్ 1098 నొక్కింది.

"నాన్నని పట్టుకుపోతారాండీ?" అడిగింది పిల్ల.

"ముందు పెళ్లి ఆపుతారమ్మా."

"అమ్మాయి పేరు చెప్పండి," అంది అవతలి గొంతు.

టీచరు పిల్ల వంక చూసింది.

"నేనే చెబుతానండి," అంటూ ఆ పిల్ల ఫోను అందుకుంది.