రెండు కొండల పిట్టలు

ఆ సొరుగే దొరికిందా అమ్మాయ్ నీకు? సరేలే, తీశావుగా, చూడు. చేత్తో మాత్రం ముట్టుకోకు, పురుగు పట్టకుండా విషం పూసిన పిట్టతోళ్ళవి. నా వేళ్ళు చూశావుగా, ఎలా పొక్కిపోయాయో. ఇవన్నీ మా బావ వల వేసి పట్టినవి. మా అక్క మొగుడు. మనిషి ఎండుకట్టెలా ఉండేవాడు గానీ, ఈల వేశాడంటే చెట్టుమీది పిట్ట కిందికి దిగొచ్చి తగువు పెట్టుకునేది. ఏం చెబుతున్నా? ఆ, పిట్టలు. తూర్పు కొండ పిట్టకి డొక్కల్లో ఇటుక రంగు, పడమటి కొండదానికి అక్కడ నీలం. మిగతాదంతా అచ్చు ఒకటే, ఆ వీపూ, ఆ సన్నకాళ్ళూ, నుదుటి మీద తెల్లగీతా. "రెండూ వేరు సార్, పాటే వేరు" అనేవాడు బావ. "ముఖం ఒకటేగా?" అని మా పిట్టల సర్వే ఆఫీసరు నవ్వేవాడు. "ముఖం ఒకటైతే మొగుడూ ఒకడేనా సార్?" అని ఈయన. నోటిదురుసు మరి.

తూర్పు కొండ అడవి కొట్టెయ్యాలని అప్పటికే కాగితాలు తిరుగుతున్నాయి. అక్కడి పిట్ట ఇంకెక్కడా లేదని తేలితే కొట్టరు. అదీ సంగతి. తోలు ఒలిచి, దూది కూరి, ఏ కొండదో రాసి కాలికి చీటీ కట్టడం నా పని. ఆరేదాకా ఒంటికంతా దూది చుట్టేస్తాం, కాళ్ళే బయటికి కనబడతాయి. ఓరోజు వానకి అడవిలో మా గుడారం కారింది. చీటీల మీద సిరా పాకుతుంటే గబగబా విప్పి పొయ్యి పక్కన ఆరబెట్టా. మళ్ళీ కట్టేటప్పుడు దూది విప్పి చూస్తే ఈకలు చెదురుతాయని చూడలేదు. వరస గుర్తుందిలే అనుకున్నా.

ఆఫీసులో దూది విప్పితే ఏముంది, చీటీల ప్రకారం రెండు కొండల్లోనూ రెండు రంగులూ! ఒకటే పిట్ట అని రాసేశాడు ఆఫీసరు. బావ నా వైపు తిరిగి, "ఏరా బావమరిదీ, చీటీలేమన్నా విప్పావా?" అన్నాడు. "లేదు బావా" అన్నా. ఉద్యోగం ఊడుతుందని. నమ్మేశాడమ్మా! "అయితే నా కళ్ళే పాడయ్యాయేమోరా, మళ్ళీ వెళ్ళి చూసొస్తా" అన్నాడు.

అప్పటికే తూర్పు కొండ మీద చెట్లు పడగొడుతున్నారు. వాన. కొండచరియ జారింది. రెండో రోజుకి బావని బయటికి తీశారు. నడుముకి గుడ్డసంచి, అందులో పిట్ట. డొక్కల్లో ఇటుక రంగు. దాని చీటీ మాత్రం సరిగ్గానే కట్టా. ఆ చివరిదే, నువ్వు చూస్తున్నది. ఆ తర్వాత ఆ కొండ మీద ఎవరి వలకీ ఒక్కటీ పడలేదు.

మా అక్క పోయేదాకా అడుగుతూనే ఉంది, "చూసిన కొండకే మళ్ళీ ఎందుకెళ్ళాడ్రా తమ్ముడూ ఆయన?" అని. నేనేమన్నానంటే...

సొరుగు మూసెయ్ అమ్మాయ్. వెలుతురు తగిలితే రంగు పోతుంది.