కిటికీకి అడ్డంగా బీరువా

పెద్దలారా, ఆఫీసు మిత్రులారా, మా వీధి వాళ్ళారా, ముందు వరసలో కూర్చున్న అక్కయ్యా...

ఆయన సంతాపసభకు పనులు మానుకుని ఇంతమంది వచ్చారు. కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డారు. ఆయన కోసం వచ్చిన వాళ్ళకు కుర్చీ దొరకకపోవడం ఏమిటి? ఉద్యోగమంతా ఆయన ఎవరినైనా అడిగింది కుర్చీ ఒక్కటే కదా!

తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను. ఆయన టౌన్ ప్లానింగ్ ఆఫీసులో సెట్‌బ్యాక్ సడలింపుల ఫైళ్ళు చూసేవారు. స్థలం ఎంత చిన్నదైనా హద్దు గోడ నుంచి ఐదడుగులు వదిలే ఇల్లు కట్టుకోవాలి. పిల్లలు పెరిగారనో, పెద్దాయన మంచం పట్టాడనో ఇంకో గది కావాలంటే ఆ ఐదడుగుల్లోకి జరగక తప్పదు. జరగవచ్చా, ఎంత జరగవచ్చు అని చూసి రాసే పని ఆయనది. నేను ప్లాన్లు గీసేవాణ్ణి. ఇరవై రెండేళ్ళు ఆయన బల్లకు ఇవతల నిలబడ్డాను. పన్నెండేళ్ళుగా ఆయన పక్కింట్లో ఉన్నాను.

ఆయన పద్ధతి వేరు. కట్టుకునే వాళ్ళింటికి కాదు, ముందు పక్కింటికి వెళ్ళేవారు. ఆ ఐదడుగుల సందులోకి తెరుచుకునే కిటికీ ఏదో అడిగి, దాని ముందు కుర్చీ వేయించుకుని అరగంట కూర్చునేవారు. అందుకే కుర్చీ సారు అయ్యారు. కొలవడానికి వచ్చారా, కాపురానికి వచ్చారా అని మేమంతా వెనకాల నవ్వుకునేవాళ్ళం.

ఒకసారి ఒక టీచరమ్మ వంటగదిని మూడడుగులు పెంచుకుంటానంది. ప్లాను గీసింది నేనే. పక్కింటి టైలరు సరేనని సంతకం పెట్టేశాడు. సంతకం ఉన్నాక ఇంకేం కావాలి? అయినా ఆయన వెళ్ళి కూర్చున్నారు. మిషను ఆ కిటికీ దగ్గరే ఉంది. టైలరు నల్లగుడ్డ మీద నల్లదారంతో కుడుతున్నాడు. "మొహమాటపడి సంతకం పెట్టాడయ్యా. రేపు సూదిలోకి దారం ఎక్కకపోతే ఎవరితో చెప్పుకుంటాడు?" అన్నారు. మూడడుగులు అడుగున్నర అయింది. అక్కడ వంటా ఆగలేదు, ఇక్కడ కుట్టూ ఆగలేదు. ఆ ఇద్దరూ ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు.

ఇక నా సంగతి. ఇది చెప్పకుండా ఈ మైకు వదిలితే నన్ను నేను క్షమించుకోలేను.

నా కారు షెడ్డును అవతలి ఇంటివాళ్ళ గోడకు ఆనించి వేసుకుంటానంటే ఆయన కాదన్నారు. "నీ కారు పడుకోవడానికి వాళ్ళ పడకగది గోడే దొరికిందా?" అని నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. పక్కింటివాణ్ణని కూడా చూడలేదే అని పళ్ళు నూరాను.

ఏడాది తిరగకుండా ఆయన భార్యకు, అదే మన అక్కయ్యకు, మోకాళ్ళు మొరాయించాయి. వాళ్ళది చిన్న మేడ. కింద హాలు, వంటగది. పడకగదీ స్నానాలగదీ పైన. మధ్యలో పద్నాలుగు మెట్లు. కిందనే ఒక గది వేసుకోవడానికి ఆయన నా వైపు రెండడుగుల సడలింపు అడిగారు. తన ఫైలు తాను చూడకూడదని దాన్ని పై అధికారికి అప్పగించారు. నేనేం చేశాను? నా వంటగదికి వెలుతురు పోతుందని అభ్యంతరం రాసిచ్చాను.

అయ్యా, ఆ కిటికీకి అడ్డంగా అప్పటికి ఐదేళ్ళుగా మా బీరువా ఉంది. పోవడానికి వెలుతురెక్కడిది?

మర్నాడే ఆయన వచ్చారు. కుర్చీ అడిగారు. బీరువాకు ఎదురుగా అరగంట కూర్చున్నారు. పై అధికారి చెవిన ఒక్క మాట వేస్తే నా కాగితం చెత్తబుట్టలో పడేది. ఆయన లేచి, "బీరువా ఇవాళ ఉంటుంది, రేపు జరుపుతావు. కిటికీ ఎప్పటికీ ఉంటుంది. నా కోసం దాన్ని మూయలేను" అన్నారు. వెళ్ళి అప్లికేషను వెనక్కి తీసుకున్నారు.

ఆ తర్వాత ఆరేళ్ళు. రోజూ పొద్దునా సాయంత్రం, అక్కయ్య చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టూ లెక్కపెడుతూ దించారు, ఎక్కించారు. ఒకటి, రెండు, మూడు... పద్నాలుగు దాకా మా వంటగదిలోకి వినిపించేది. వింటూ నేను కాఫీ తాగేవాణ్ణి.

నా వంటగది వెనక గోడకు ఇంకో కిటికీ పెట్టుకుంటే సరిపోయేది. ప్లాన్లు గీసేవాణ్ణి, ఆ సంగతి నాకు మొదటి రోజే తెలుసు. నా గోడ పగలగొట్టుకోమని ఆయన అడుగుతారా? నేను చెప్పాలి. చెప్పలేదు. ఆయన పోయిన నాలుగో రోజు మేస్త్రీని పిలిచి పెట్టించాను. రెండు రోజుల పని! ఆరేళ్ళలో నాకు ఆ రెండు రోజులు దొరకలేదు.

ఆఫీసు మిత్రులారా, అక్కయ్య పేరు మీద కొత్త ప్లాను మీ బల్ల మీద ఉంది. గీసింది నేనే, ఒప్పుకుంటూ సంతకం పెట్టిందీ నేనే. జాలిపడి ఒప్పుకోకండి. నా సంతకాన్ని అసలే నమ్మకండి. మా వంటగదికి రండి, కుర్చీ వేస్తాను, అరగంట కూర్చోండి. చూసి రాయండి.

నిన్న పొద్దున మెట్ల మీద అక్కయ్య ఒక్కరే లెక్కపెట్టుకుంటున్నారు. ఆరు దాకా వినిపించింది. ఏడు ఎంతకీ వినిపించలేదు. పరుగెత్తాను. ఆరో మెట్టు మీద కూర్చుని ఉన్నారు.

ఇక ముగిస్తాను. ఆయన కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. అందరూ దయచేసి లేవండి.

అక్కయ్యా, మీరు లేవకండి. మీరు కూర్చోండి.