పచ్చ బటన్ ప్రతాపం

ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే శేషయ్య తన షెడ్డుకు వెబ్‌సైట్ పెట్టించాలనుకున్నాడు. పని ఊళ్లో వెబ్‌సైట్లు చేసే ప్రదీప్‌కివ్వాలా, నంద్యాల హిమజకివ్వాలా అని జీవమ్మ టీ కొట్టు దగ్గర ఆలోచిస్తూ, పక్కనే టీ తాగుతున్న ప్రదీప్‌తో ఉన్న మాట అనేశాడు. "హిమజ పైకి కనపడే పేజీతో పాటు లోపలి కోడంతా రాస్తాదంట. నీ ఫ్రంట్ ఎండ్ మొగానికి రంగు పూసేదే గదప్పా, దాన్ని ప్రోగ్రామింగ్ అంటారా?"

ప్రదీప్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"రంగా? మామా, ఆ మాట ఇంగోసారి అనొద్దు. పోయినేడు నంద్యాలలో విత్తనాల అంగడోళ్లకు ఒక్క బటన్ చేసిస్తి. పచ్చది. నొక్కితే ఆర్డర్ పోతాది. మూడు దినాలు కూకోని దాని మూలలు గుండ్రంగా తిప్పినా. పెట్టిన పొద్దే నలభై మంది నొక్కిరి."

"నలభై మందేనా?"

"ఆగు మామా, అది టిఫిన్ టయానికి! మధ్యాన్నానికి నాలుగు వేలు. విత్తనాలు అక్కర్లేనోళ్లు గూడా నొక్కుతాండారు, ఆ పచ్చదనం అట్లుంది. శిరివెళ్లలో ఒకాయన చేన్లో నిలబడి ఫోన్ చూస్తాంటే, పక్కనున్న ఎద్దు గడ్డి అనుకోని స్క్రీన్ నాకె. ఆర్డర్ పోయె! రెండు మూటలు ఎద్దు పేరు మీద ఇంటికొచ్చె. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"వద్దని ఎద్దు తిరిగి పంపిచ్చిందేమో," అంది జీవమ్మ టీ వడగడుతూ.

"నవ్వు అత్తా, నవ్వు! ఆ తాకిడికి సర్వర్ పడిపోయె. హిమజ లాంటోళ్లు రాసిన లోపలి కోడంతా పండుకునె. నా బటన్ పండుకుంటాదా? ఒంటరిగా ఆర్డర్లు తీసుకుంటాండె! ఇంగ పేజీ ఎంత నున్నగా జారుతాదంటే, కొలిమిగుండ్లలో ఒకాయన దాన్ని జరుపుకుంటా జరుపుకుంటా బెలుం గుహల్లోకి దిగిపాయె, లోపల సిగ్నల్ లేదు, పేజీ మాత్రం జారతానే ఉంది! డోన్‌లో రైలు డ్రైవరు ఎవురి ఫోన్లోనో ఆ పచ్చ చూసి, సిగ్నల్ పడిందని బండి తీసె. పైన శాటిలైట్ గూడా మెడ వంచి మన ఆళ్లగడ్డ తట్టే చూస్తాండె. ఇప్పుడు చెప్పు మామా, ఇది ప్రోగ్రామింగా కాదా?"

జీవమ్మ చేతులు తుడుచుకుని ఫోన్ తీసింది.

"ఆ అంగడి పేజీ ఇదేనా ప్రదీపూ?"

"ఇదే! నొక్కి చూడు అత్తా!"

"యాడ నొక్కాల?"

చూపు ఆనక జీవమ్మ ఫోన్లో అక్షరాలు బాగా పెద్దవి పెట్టుకుంది. ఆ అక్షరాలే స్క్రీనంతా నిండిపోయి, బటన్ బయటికి పోయింది. ప్రదీప్ ఫోన్ అడ్డంగా తిప్పాడు, నిలువుగా తిప్పాడు, చివరికి ఒకసారి విదిలించాడు కూడా.

"అక్షరాలు చిన్నవి చేసుకో అత్తా, వస్తాది. నా లాప్‌టాప్‌లో బాగానే..."

"చిన్నవి చేస్తే నాకు కనపడవు గదప్పా. మా ఇంటాయన ఫోనూ ఇట్లే ఉంటాది. మాలాంటోళ్లు విత్తనాలు కొనొద్దా?"

శేషయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి, ప్రదీప్ భుజం మీద చెయ్యేశాడు.

"నాదే తప్పు అల్లుడూ. నువ్వు చెప్పింది నిజమే. ఇది ఉత్త రంగు పూసే పని కాదు, శానా కష్టమైన ప్రోగ్రామింగే."

ప్రదీప్ మొహం వెలిగిపోయింది. "అట్ల చెప్పు మామా!"

"అందుకే, ఆ పని బాగా తెలిసినోళ్లకే ఇస్తా. జీవమ్మా, హిమజ నంబరు ఉందా నీ దగ్గర?"