గదువ చెప్పిన మాట

కరోనా రెండో ఏడు. గల్ఫ్‌లో, ఉమ్ అల్ క్వైన్‌లో ఒక చైనా కంపెనీ సైటాఫీసు. కుర్చీలో హెచ్చార్ రాధాకృష్ణ, ఎదురుగా నిలబడి ఫోర్‌మన్ పోశయ్య. ఇద్దరి మూతులకూ మాస్కులే.

“అంటే, మేనేజరు చెన్ గారు పైపులు కొనమంటే, ఉన్నవి కూడా ఆ తుక్కు అజ్మతుల్లాకి అమ్మేశావు.”

“పైపులు చూపిచ్చి ‘మై’ అన్నడు సార్.”

“కొనడమూ మైయే, అమ్మడమూ మైయే. రాగం తీయడంలోనే తేడా. ఉద్యోగం పోయే పని చేశావు, ఆ మాత్రం తెలీదా?”

“తెల్వకుంటే నాలుగేండ్ల సంది ఆయన మాట అందరికి నేనెట్ల చెప్తున్న?”

“అదే అడుగుతున్నా. చైనీసు ఎక్కడ వెలగబెట్టావు, జగిత్యాలలోనా?”

“ఆయన గదువ మీద.”

“గడ్డం మీద.”

“కొను అంటే గదువ కిందికి వోయి మళ్ల మీదికి లేస్తది. అమ్ము అంటే ఒక్కటే పోటు, కిందికి. జనరేటర్ సప్పుడుల చెవులేం జేస్తయి సార్? కండ్లతోని వినాలె.”

“కళ్ళతో వినాలి. రిపోర్టులో ఇదే రాయనా? నేను ఆర్నెల్లు హెడ్‌ఫోన్సు పెట్టుకుని కోర్సు చేశాను. సర్టిఫికెట్టుంది.”

“ఉన్నది, గోడకు. మొన్న మీరు ఆయనతోని చైనీసుల ‘మిమ్మల్ని ఒకటి అడగాలె’ అన్నరు సూడుండ్రి, ఆయనకు ‘మిమ్మల్ని ముద్దు వెట్టుకోవాలె’ అన్నట్టు ఇనవడ్డదట.”

“ఎవరు చెప్పారు?”

“ఆయనే. రెండడుగులు ఎనుకకు జరిగిండు గదా. మీరది కరోనాకనుకున్నరు.”

“సరే, సరే. మరి ఈసారి నీ గదువ శాస్త్రం ఏమైంది?”

“మాస్కు ఎనుక దాక్కున్నది. సైటుల మాస్కు తీస్తె జీతం కోత అని పోయిన వారమే కాయితం అంటిచ్చిండ్రు. ఎవరు సార్ అంటిచ్చింది?”

“అది... పైనుంచొచ్చింది.”

“కింద సంతకం మీదే.”

“చూడు పోశయ్యా. జరిగిందేదో జరిగింది, ఖలాస్. చెన్ గారితో నేను మాట్లాడతా. నీ ఉద్యోగానికేం భయం లేదు.”

“ఆ మాట ఒక్కపారి మాస్కు తీసి అనుండ్రి.”

“ఎందుకు?”

“దూరమే నిలవడ్త సార్. ఒక్కపారి.”

“నీ చాదస్తం. ఇదిగో, తీశాను. నీ ఉద్యోగానికేం భయం లేదు.”

“సమజైంది సార్. ఇంటికి టికెట్ ఏ తారీఖుకు చేసిండ్రు?”