చూడకుండా పెట్టిన సంతకం

లైసెన్సున్న మెకానికల్ ఇంజనీరును వెతుక్కుంటూ లాండ్రీ యజమాని వచ్చాడు.

“నా అడ్రసు ఎవరిచ్చారు?”

“పోయినేడు మా బాయిలర్ బాగుందని సర్టిఫికెట్ ఇచ్చింది మీరేగా సార్! అప్పుడు బ్రోకరు తెచ్చిచ్చాడు. ఈ ఏడాది సర్టిఫికెట్ కోసం, అందులో మీ పేరు చూసి నేనే వచ్చాను.”

“అదింకా దాచారా?”

“ఫ్రేము కట్టించి బాయిలర్ పక్కనే తగిలించాం. చప్పుడొచ్చినప్పుడల్లా మా ఆవిడ దాన్ని చూపించి పనివాళ్లకి ధైర్యం చెబుతుంది.”

ఇంజనీరుకు తల కొట్టేసినట్టయింది.

“చప్పుడా?”

“మీరు చూడ్డానికొచ్చినప్పుడు వినలేదా సార్?”

“నేను రాలేదండీ. చూడకుండానే సంతకం పెట్టాను.”

యజమాని ముఖం పాలిపోయింది.

“మా ఆవిడ ఇప్పుడక్కడే ఉంది సార్.”

“వెంటనే ఫోన్ చేసి బాయిలర్ ఆపించండి. అందర్నీ బయటికి రమ్మనండి.”

“ఎందుకంటే ఏం చెప్పను?”

ఇంజనీరు చెయ్యి చాపాడు.

“ఫోనిలా ఇవ్వండి. ఆవిడకి నేనే చెబుతాను.”